‘టు’ తర్వాత ఐఎన్‌జీ ఎప్పుడు?

చిలకలగూడ నుంచి ఈరోజు ఒక్క చిన్న పాయింట్.

నా మొదటి ఇంటర్వ్యూలో నైట్ షిఫ్ట్ ఓకేనా అని అడిగారు. నాకు అలవాటే అని చెప్దామని ‘ఐ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్’ అన్నాను. దాని అర్థం, ఒకప్పుడు చేసేవాణ్ణి, ఇప్పుడు చేయట్లేదు అని! అనాల్సింది ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’. ఉద్యోగం రాలేదు లెండి.

మన తెలుగే చూడండి. ‘వెళ్లడం గురించి’ అంటాం, ‘వెళ్లు గురించి’ అనం కదా. ఇంగ్లిష్‌లోనూ అంతే. ఇన్, ఎట్, ఫర్, అబౌట్ లాంటి ప్రిపోజిషన్ తర్వాత క్రియ వస్తే ఐఎన్‌జీ తగిలించాలి: ‘ఇంట్రెస్టెడ్ ఇన్ జాయినింగ్’, ‘థ్యాంక్యూ ఫర్ కాలింగ్’.

చిక్కంతా ‘టు’తోనే. అది రెండు వేషాలు వేస్తుంది. ‘ఐ వాంట్ టు మీట్ యు’లో ఇన్ఫినిటివ్ గుర్తు. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’లో ప్రిపోజిషన్. ఎలా పట్టుకోవాలి? ‘టు’ పక్కన నామవాచకం పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ద ఇంటర్వ్యూ’ కుదిరింది, కాబట్టి ఐఎన్‌జీ. ‘ఐ వాంట్ టు ద ఇంటర్వ్యూ’ కుదరదు, కాబట్టి ఉత్త ‘మీట్’.

ఇక మీ వంతు. ‘ఐ ఆబ్జెక్ట్ టు పే’ కరెక్టా, ‘టు పేయింగ్’ కరెక్టా? నామవాచకం పెట్టి చూసి, కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!