మసి అంతా బొగ్గు కాదు

బెల్లంపల్లిలో పెరటి గులాబీ ఆకులపై నల్లని పొర కనిపిస్తే ఎవరైనా బొగ్గు దుమ్మే అనుకుంటారు. సింగరేణి గనుల నడుమ నివసించేవారికి ఆ అనుమానం సహజమే. అయితే నేరం ప్రతిసారీ గనిది కాదు. ఒక్కోసారి ఆకు అడుగున దాగి రసం పీల్చే పురుగుది.

పరీక్ష సులభం. దుమ్మయితే నీళ్లు చల్లగానే కడిగిపోతుంది. వేలికి జిగురు తగిలితే అది మసి తెగులు. పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగులు విసర్జించే తీపి జిగురుపై ఆ బూజు పెరుగుతుంది. కొమ్మ వెంట చీమలు బారులు తీరడం మరో గుర్తు. ఆ తీపి కోసం చీమలు పురుగులకు కాపలా కూడా కాస్తాయి. కనుక మసిని తుడిస్తే చాలదు, పురుగును తొలగించాలి.

అలాగని దుమ్మును తేలికగా తీసుకోరాదు. వేసవి పొడిగాలిలో దుమ్ము పట్టిన ఆకులపై ఎర్రనల్లి వేగంగా వృద్ధి చెందుతుంది. ఆకుపై లేత చుక్కలు, అడుగున సాలెగూటి వంటి సన్నని దారాలు దాని ఆనవాళ్లు. తెల్లకాగితంపై ఆకును తట్టితే కదిలే చుక్కలు కనిపిస్తాయి. ఉదయం వేళ ఆకుల అడుగుభాగం తడిసేలా నీళ్లు కొట్టడమే మొదటి వైద్యం.

మల్లె మొగ్గకు రంధ్రం పడి, ఊదారంగుకు తిరిగితే లోపల మొగ్గతొలుచు పురుగు ఉన్నట్లే. అటువంటి మొగ్గలను ఏరి నాశనం చేయాలి. మందారంపై దూది వంటి తెల్లని ముద్దలు పిండినల్లి. కొద్దిగా ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. కొమ్మంతా నిండితే కత్తిరించి కాల్చివేయండి.

రసం పీల్చే పురుగులకు లీటరు నీటిలో 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి ముందుగా ఒక కొమ్మపై పరీక్షించి, సాయంత్రం పిచికారీ చేయాలి. వారానికి మరోసారి చేయాలి. చుక్కల వీపుతో కనిపించే అక్షింతల పురుగులను మాత్రం చంపకండి. పేనుబంకను తినేవి అవే.

పొలానికి కొన్న విషపు మందును పెరటికి తేవద్దు. ఆ మల్లెలు మన ఆడపిల్లల జడల్లోకి, ఆ గులాబీ రేకులు గుల్కంద్‌లోకి చేరుతాయి. మిగిలిన మందును శీతలపానీయం సీసాలో పోసి దాచడం పసివారి ప్రాణానికే ముప్పు. పురుగేదో అర్థం కాకపోతే తెగులు సోకిన రెమ్మను బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి సలహా పొందండి. ఒక పువ్వు పోయినా మళ్లీ పూస్తుంది. బిడ్డ ఆరోగ్యం అలా కాదు.