ఆకాశంలో రాబందులెక్కడ?

విహారయాత్ర అనగానే మనకు ఊటీ, కొడైకెనాల్ గుర్తుకు వస్తాయి. అంత దూరం పోవడానికి రైతు కుటుంబాలకు తీరికా ఉండదు, చేతిలో డబ్బూ ఉండదు. అయితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వారు ఒక్కరోజులో పోయి రాగల అందమైన చోట్లు మన చుట్టూనే ఉన్నాయి. గడచిన చలికాలంలో సంఘ యౌవనస్థులు కొందరిని వెంటబెట్టుకొని అలాంటి రెండు చోట్లు చూచి వచ్చాము.

మానేరు నీళ్ల మీద

మొదట సిరిసిల్ల జిల్లా మాన్వాడ దగ్గరి మధ్య మానేరు జలాశయానికి వెళ్లాము. 25 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టే ఈ జలాశయం కింద కొన్ని ఊళ్లే మునిగిపోయాయి. పొద్దు పొడవకముందే గట్టు చేరి, మాటలు మాని కూర్చున్నాము. నీటికాకులు రెక్కలు చాపి ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి. లకుముకిపిట్ట ఒకటి రాయిలా నీళ్లలో పడి చేపతో పైకి లేచింది. నత్తలను ఏరుకుతినే కొంగలు బురదలో మెల్లగా నడుస్తున్నాయి.

తెలంగాణ చెరువులకు చలికాలంలో దూరదేశపు చుట్టాలు కూడ వస్తారు. తల మీద రెండు నల్లని పట్టెలుండే బాతు మధ్య ఆసియా నుండి హిమాలయాలు దాటి మన దేశానికి వస్తుంది. మన పక్షుల లెక్క ఈనాటిది కాదు. ప్రఖ్యాత పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931-32లోనే నిజాం రాజ్యమంతా తిరిగి ఇక్కడి పక్షులను నమోదు చేశాడు.

కవ్వాల్ అడవిలో

రెండవ యాత్ర కోరుట్ల నుండి. జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దగ్గర గోదావరి దాటి జన్నారం చేరాము. కవ్వాల్ అభయారణ్యం 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుండి పులులు ఈ అడవికి నడిచి వచ్చిన సందర్భాలున్నాయి. మాకు పులి కనబడలేదు. చుక్కల దుప్పుల మంద, దూరాన ఒక మనుబోతు, టేకుచెట్టు మీద వడ్రంగిపిట్ట, కరెంటు తీగ మీద పాలపిట్ట కనబడ్డాయి. పిల్లలు చూచినవన్నీ పేర్లతో నోటుబుక్కులో రాసుకున్నారు.

ఆ పుస్తకంలో ఒక్క పేరు మాత్రం చేరలేదు. అది రాబందు. తిరుగు దారిలో గొడ్లు కాస్తున్న ఒక ముసలాయనను అడిగాము. "గొడ్డు సచ్చి ఊరవతల పడేస్తే పొద్దుగూకేసరికి బొక్కలే మిగులుతుండె అయ్యగారూ. గిప్పుడు కుక్కలే పీకుతున్నయి" అన్నాడు.

మందే విషమైంది

రాబందులను ఎవరూ వేటాడలేదు. నొప్పికి, జ్వరానికి పశువులకు వేసిన డైక్లోఫినాక్ అనే మందు వాటిని చంపింది. ఆ మందు పడిన కొద్దిరోజులకే పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి కొన్ని రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఈ సంగతి 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన వలన బయటపడింది. 1992కు, 2007కు నడుమ మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించాయి. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది గనుక పోయిన సంఖ్య త్వరగా తిరిగి రాదు.

నష్టం పక్షులతో ఆగలేదు. కళేబరాలు కుక్కల పాలయ్యాయి, పిచ్చికుక్క కాటు భయం పెరిగింది, నీళ్లు కలుషితమయ్యాయి. రాబందులు పోవడం వలన 2000 నుండి 2005 వరకు మన దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా మరణించారని 2024లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా వేసింది.

ఆశ లేకపోలేదు. 2013లో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లతో కనబడ్డాయి. అటవీశాఖ వారు స్థానికులనే కాపలా పెట్టి వాటిని కాపాడ పూనుకున్నారు.

మనం చేయగలిగినది

పశువులకు డైక్లోఫినాక్ వాడకూడదని 2006లోనే ప్రభుత్వం నిషేధించింది. మనుషుల మందును కొని పశువులకు వేయడం ఆగనందున, 2015లో ఆ ఇంజక్షన్ సీసా 3 మి.లీ. మించరాదని నియమం పెట్టింది. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫినాక్ మందులను కూడ పశువులకు నిషేధించింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అనే మందు దొరుకుతున్నది.

కాబట్టి బర్రెకో ఎద్దుకో జబ్బు చేస్తే మందుల దుకాణంలో మనుషుల ఇంజక్షన్ కొనకండి, పశువుల డాక్టరును మెలాక్సికామ్ గురించి అడగండి. మందు పడిన పశువు చనిపోతే బయట పారవేయక లోతుగా పాతిపెట్టండి. కుక్కల మీద, అడవి జంతువుల మీద కోపంతో కళేబరానికి విషం పూయకండి, దానిని తిన్న ప్రతి ప్రాణీ చస్తుంది. దసరాకు పాలపిట్టను చూపిస్తామని పంజరంలో తెచ్చేవారికి డబ్బివ్వకండి, దానిని పట్టడం చట్టరీత్యా నేరం.

ఈ చలికాలం మీ పిల్లలను తెల్లవారకముందే ఊరి చెరువుగట్టుకు తీసుకుపోండి. ఒక నోటుబుక్కు, పెన్సిలు చాలు. వారు ఏయే పక్షిని చూచారో రాయించండి, మీ చిన్ననాడు ఉండి ఇప్పుడు కనబడనివి ఏవో కూడ పక్కపేజీలో రాయించండి.