మొహాలీ యంత్రంలో నాలుగో చిప్పు

2025 సెప్టెంబరు 2న ఢిల్లీలో జరిగిన సెమికాన్ ఇండియా సభలో 'విక్రమ్' అనే 32 బిట్ల ప్రాసెసరును ప్రధానమంత్రికి బహూకరించారు. అది మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో తయారైనది. స్వావలంబన గురించి ఆ రోజు రాజధానిలో చాలా మాటలు వినిపించాయి. మొహాలీ పేరు వినగానే నాకు మాత్రం, తూర్పు ఢిల్లీలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట భోజనాల బల్లపై చూసిన పాత కంప్యూటరు జ్ఞప్తికి వచ్చింది. దాని పేరు యూనికార్న్.

ఆ పేరు వెనుక కొంత చరిత్ర ఉన్నది. 1984-85లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి 'క్లాస్' అనే పథకాన్ని ఆరంభించాయి. తొలి విడతలో 250 పాఠశాలలను ఎంపిక చేసి, పిల్లలకు కంప్యూటరు పరిచయం చేయాలని సంకల్పించారు. అందుకు ఎంచుకున్నది బ్రిటన్‌లోని ఏకార్న్ కంపెనీ రూపొందించిన బి.బి.సి. మైక్రో. దానినే ఏకార్న్ లైసెన్సుపై మొహాలీలోని ప్రభుత్వ రంగ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ యూనికార్న్ పేరిట తయారు చేసింది. 1989 ఫిబ్రవరిలో ఆ సంస్థ కర్మాగారం అగ్నికి ఆహుతి అయింది. 2006లో సంస్థ అంతరిక్ష శాఖ అధీనంలోకి పోయింది. బడులకు పంపిన యంత్రాలు క్రమేణా స్టోరు గదులకు, అక్కడి నుండి తుక్కు వేలానికి చేరాయి.

మాస్టరుగారు తమ బడి వేలంలో ఈ ఒక్క యంత్రాన్ని కొనుక్కున్నారు. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "దీనిలో మాది ఏదైనా మిగిలి ఉన్నదా?"

పైపెట్టె మీది పేరు చూసి దీనికి జవాబు చెప్పలేము. నాలుగు మరలు విప్పి లోపల చూడవలసిందే. ఇటువంటి యంత్రం గుణం అంతా రామ్ అనబడే శాశ్వత స్మృతి చిప్పులలో ఉంటుంది. తాత్కాలిక స్మృతిని కూడా మనం రామ్ అనే పలుకుతాము కనుక, గందరగోళం లేకుండా మొదటిదానిని 'రోమ్' అంటాను. బి.బి.సి. మైక్రోలో వీటికి ఐదు సాకెట్లున్నాయి. ఒకటి ఆపరేటింగ్ వ్యవస్థది. తక్కిన నాలుగూ 16 కిలోబైట్ల ఒకే చిరునామా స్థలాన్ని వంతులవారీగా వాడుకుంటాయి. ఒకే బల్లపై ఒకరు లేచిన తరువాత మరొకరు కూర్చుని రాసినట్లు!

యంత్రం పనిచేస్తూ ఉంటే దానినే అడగవచ్చు. నక్షత్రపు గుర్తు పెట్టి 'హెల్ప్' అని కొడితే లోపలి చిప్పులు తమ పేర్లు చెబుతాయి. కానీ బేసిక్ భాష చిప్పు మాత్రం ఈ పిలుపునకు పలకదు. దానిని 'రిపోర్ట్' అనే ఆజ్ఞతో పలికించాలి. 1981 అని వస్తే మొదటి బేసిక్, 1982 అని వస్తే రెండవది. మేము చూసిన యంత్రం 1982 అన్నది, ప్రక్కనే ఏకార్న్ పేరు. బయట యూనికార్న్, లోపల ఏకార్న్!

ఇందులో వింత లేదు. ఆన్ చేయగానే ఆపరేటింగ్ వ్యవస్థ ప్రతి సాకెట్‌ను పరీక్షిస్తుంది. చిప్పు ఆరంభంలో నిర్ణీత స్థానంలో ఒక సున్న, దాని వెంట బ్రాకెట్ల నడుమ సి అక్షరం, అంటే కాపీరైటు చిహ్నం, ఉంటేనే అది చెల్లుబాటు అవుతుంది. లేకుంటే ఆ చిప్పు ఉన్నా లేనట్లే. హక్కుదారు ముద్రే ఇక్కడ ప్రవేశపత్రం.

నకలు యంత్రాల తగవులన్నీ ఈ ముద్ర చుట్టూనే తిరిగాయి. అమెరికాలో ఫ్రాంక్లిన్ కంపెనీ యాపిల్ యంత్రానికి పోలికగల కంప్యూటరును చేసినపుడు, దాని ప్రోగ్రాములలో యాపిల్ ఉద్యోగి పేరు సైతం అలాగే ఉండిపోయింది. చిప్పులోని ప్రోగ్రాముకు కూడా కాపీరైటు ఉంటుందని 1983లో అప్పీలు కోర్టు తేల్చింది. మన పార్లమెంటు 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి, కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య రచనల కోవలో చేర్చింది. యూనికార్న్‌కు ఈ బెడద లేదు. అది అనుమతితో చేసిన నకలు. కానీ అనుమతి వేరు, స్వంతం వేరు.

మా యంత్రంలో నాలుగు చిప్పులున్నాయి. ఆపరేటింగ్ వ్యవస్థ, బేసిక్, డిస్కు వ్యవస్థ ఇవి మూడు. నాలుగోది హెల్ప్‌కు పలకలేదు. దాని నడినెత్తిన గాజుకిటికీ, దానిపై సగం ఊడిన కాగితపు స్టిక్కరు, స్టిక్కరుపై వెలిసిన సిరాతో హిందీలో 'పాఠం' అన్న మాట. మాస్టరుగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అది ఆయన సహోపాధ్యాయుని దస్తూరీ. ఆయన ఇప్పుడు లేరు. పిల్లలకు హిందీ అక్షరాలు చూపాలని, ఒక్కొక్క అక్షరాన్ని ఎనిమిది వరుసల చుక్కలుగా పేర్చి, ఆ పాఠాన్ని స్వయంగా ఈ చిప్పులోకి ఎక్కించారట.

గాజుకిటికీ ఉన్న చిప్పును ఇప్రోమ్ అంటారు. అందులో రాసినది విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది. అతినీలలోహిత కాంతి తగిలితే చెరిగిపోతుంది. స్టిక్కరు అందుకే. అది లేకుండా నేరుగా ఎండలో ఉంచితే వారం, ట్యూబులైటు వెలుగులో ఉంచితే మూడేళ్లు చాలునని తయారీదారులే హెచ్చరించారు. ఆ యంత్రం స్టోరు గది కిటికీ ప్రక్కన ఉండేది.

మాస్టరుగారి పాత విద్యార్థి, ఇప్పుడు ఇంజనీరు, ఒక రీడరు పరికరం తెచ్చాడు. చిప్పు మీది 27128 అన్న అంకెను బట్టి దానిలో 16 కిలోబైట్లు ఉండాలి. అదే 2764 అయితే 8 కిలోబైట్లే. అట్టిది ఈ సాకెట్‌లో ఒకే విషయాన్ని రెండుమార్లు చూపుతుంది. జాగ్రత్తగా ఊడదీసి చదివాడు. మళ్లీ చదివాడు. రెండు ప్రతులూ సరిపోలలేదు. ఆవేశం సన్నగిల్లిన చిప్పు ఒక్కో మారు ఒక్కో సాక్ష్యం చెబుతుంది. ఆరంభమంతా 255, 255 అని మాత్రమే వచ్చింది. ఖాళీ గడికి గుర్తు అదే. కాపీరైటు చిహ్నం చెరిగిపోయింది కనుకనే యంత్రం దానిని గుర్తించలేదు.

స్టిక్కరు నిలిచిన వైపు మాత్రం కొంత మిగిలింది. అంకెలను చుక్కలుగా తెరపై పరిస్తే పదకొండు అక్షరాలు తేలాయి. మరికొన్నిటికి శిరోరేఖ ఒక్కటే ఉన్నది. అయితే నిండు శిరోరేఖకూ అంకె 255యే. అది గురువుగారు గీసిన గీతయో, కాలం తుడిచిన ఖాళీయో ఎవరు చెప్పగలరు?

మొహాలీకి మళ్లీ నిధులు వస్తున్నాయి. దేశంలో చిప్పుల పరిశ్రమకై 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. సంతోషించవలసిందే. కానీ ప్రజల సొమ్ముతో బడులకు పంపిన యంత్రాలను తుక్కుకు తూచే ముందు, వాటి చిప్పులను ఒక్కమారు చదివి భద్రపరచడానికి ఎన్ని కోట్లు కావాలి? ఒక రీడరు, ఒక పూట పని చాలు. బ్రిటన్ నుండి వచ్చిన మూడు చిప్పుల ప్రతులు ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతాయి. మనవాడు రాసిన నాలుగో దానికి రెండో ప్రతి లేదు.

నేను లేచేసరికి మాస్టరుగారు ఆ చిప్పు కిటికీపై కొత్త నల్లకాగితం అంటించి, యథాస్థానంలో బిగించారు. ఏ సాకెట్‌లో ఏమున్నదో ఒక చీటీపై వరుసగా రాసి పెట్టె మూత లోపల అతికించారు. నాలుగో వరుసలో సహోపాధ్యాయుని పేరు, దాని ప్రక్కన 'పదకొండు అక్షరాలు' అని ఉన్నది.