వాగు అడుగున 0.01 లెక్క

ఎకరం మిర్చికి 200 లీటర్ల నీళ్లలో, లీటరుకు 0.3 మిల్లీలీటర్ల చొప్పున ఇమిడాక్లోప్రిడ్ కలిపి కొడితే చేలో పడే అసలు మందు సుమారు 10 గ్రాములు. అందులో నూరో వంతు మాత్రమే వానకు కొట్టుకుపోయి వాగులో కలిసిందనుకుందాం. అంటే 0.1 గ్రాము. నీటి పురుగులకు దీర్ఘకాలంలో హాని మొదలయ్యే స్థాయి లీటరుకు 0.01 మైక్రోగ్రాము అని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2017లో లెక్కగట్టింది. ఆ 0.1 గ్రాము ఆ స్థాయికి పలచబడాలంటే కోటి లీటర్ల నీళ్లు కావాలి. ఎకరం విస్తీర్ణంలో రెండున్నర మీటర్ల లోతున నిండిన చెరువన్నమాట. ఇది ఒక్క ఎకరానికి, ఒక్క విడతకు వేసిన లెక్క. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి మీద పడ్డప్పుడు ఒక్క విడతతో ఆగిన రైతు గుంటూరు జిల్లాలో దొరకడం కష్టం.

గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో పత్తి, మిర్చి చేల నీరంతా చివరికి చేరేది వాగులకే. వాటి అడుగున తూనీగ పిల్లలు, మేఫ్లై లార్వాలు, నత్తలు, ఆల్చిప్పలు, బురదలో మెలికలు తిరిగే ఎర్రటి కైరోనమిడ్ పురుగులు బతుకుతాయి. చేపలు, కొంగలు తినేది వీటినే.

మనకు మంచిదైన నీరు వీటికీ మంచిదే అనుకుంటాం. అది నిజం కాదు. తాగునీటిలో క్లోరోపైరిఫాస్ లీటరుకు 30 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని 2012 నాటి భారతీయ ప్రమాణం చెబుతోంది. మంచినీటి జలచరాలు ఎక్కువకాలం తట్టుకోగలవని అమెరికా పెట్టిన హద్దు 0.041. రెండింటికీ తేడా ఏడు వందల రెట్ల పైమాటే. మనిషి నిశ్చింతగా తాగగల నీటిలో మేఫ్లై పిల్ల బతకకపోవచ్చు.

పరీక్షకు ఏ ప్రాణిని ఎంచుకున్నారన్నదీ ముఖ్యమే. ప్రయోగశాలల్లో తరచూ వాడే నీటి ఈగ డాఫ్నియా. 48 గంటల పరీక్షలో వీటిలో సగం కదలలేని స్థితికి రావాలంటే లీటరుకు 85 మిల్లీగ్రాముల ఇమిడాక్లోప్రిడ్ కావాలి, అంటే 85,000 మైక్రోగ్రాములు. మేఫ్లై లార్వాలకైతే కొన్ని వారాలపాటు ఒక మైక్రోగ్రాము కన్నా తక్కువే చాలు. డాఫ్నియా లాంటి మొండి ప్రాణిని సాక్షిగా పెట్టుకుంటే ఈ మందు నిర్దోషిగానే బయటపడుతుంది.

ఐరోపాలో ఈ సంగతి వాగుల్లోనే తేలింది. జర్మనీ, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా వాగులను పోల్చిన అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. ఐరోపాలో పురుగుమందుల కాలుష్యం ఎక్కువగా ఉన్న చోట్ల అడుగున బతికే జీవుల రకాలు 42 శాతం దాకా తగ్గాయి. అదీ అక్కడి చట్టం సురక్షితమని చెప్పే మోతాదుల్లోనే.

మన దగ్గర కొలవడం ఎలా? బ్రిటన్‌లో పుట్టిన పద్ధతిని మన పరిస్థితులకు మార్చి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాడుతోంది. అందులో ఒక్కో కుటుంబానికి ఒకటి నుంచి పది దాకా మార్కులుంటాయి. బ్రిటన్ పట్టికలో సున్నితమైన మేఫ్లైలకు 10, తూనీగలకు 8, ఆల్చిప్పలకు 6, నత్తలకు 3, కైరోనమిడ్‌లకు 2, ట్యూబిఫెక్స్ వంటి పురుగులకు 1. మొదటి అయిదూ దొరికిన వాగుకు సగటు 5.8. నత్తలు, కైరోనమిడ్‌లు, ట్యూబిఫెక్స్ మాత్రమే మిగిలిన వాగుకు 2. అయితే ఈ మార్కులు మురుగునీటిని దృష్టిలో పెట్టుకుని వేసినవి. ఊరి మురుగు కలిసినా సగటు పడిపోతుంది, మందు కలిసినా పడిపోతుంది. తేడా పట్టడానికి జర్మన్ శాస్త్రవేత్తలు 2005లో పురుగుమందుల కోసమే వేరే సూచిక తయారుచేశారు. పత్తి, మిర్చి పొలాల వాగులకు నాకు అదే సరైనదనిపిస్తుంది.

మందు కొట్టే కాలమూ, అక్టోబరు-నవంబరు తుఫాను వానలూ ఇక్కడ కలిసే వస్తాయి. మందు కలిసిన నీరు కొన్ని గంటల్లో పారిపోతుంది. వారం తర్వాత సీసాలో నీళ్లు పట్టి పరీక్షిస్తే ఏమీ కనిపించకపోవచ్చు. అడుగున నెలల తరబడి ఉండాల్సిన తూనీగ పిల్లలు లేకపోవడం మాత్రం కనిపిస్తుంది.

దీనికి నీటి కరువు తోడవుతుంది. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయానికి 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయి నీరు సముద్రం పాలైంది. అలా నీరు పోయి అడుగు ఎండితే ఆల్చిప్పకు కదిలిపోయే దారి లేదు.

తిరిగి రావడంలోనూ తేడాలున్నాయి. ఎగువన మందు తగలని పాయ ఒకటి మిగిలితే తూనీగలు, మేఫ్లైలు ఎగిరొచ్చి గుడ్లు పెడతాయి. మన వేడికి వాటి తరాలు త్వరగానే తిరుగుతాయి. ఆల్చిప్ప సంగతి అలా కాదు. దాని పిల్లలు మొదట చేప మొప్పలకో రెక్కలకో అంటుకుని పెరగాలి. కాబట్టి ముందు చేప రావాలి, ఆ చేప తినడానికి అడుగున పురుగులు మళ్లీ పుట్టాలి.