చేతి గడియారము - దాని నడక

నేడు మన ఎన్నూరులో ఎవరిని వేళ అడిగినను ఫోను చూచి చెప్పుదురు. అయినను కొన్ని ఇండ్లలో తాతగారి చేతి గడియారము ఇంకను బీరువాలో భద్రముగా నుండును. కీ ఇచ్చినచో నడచును. బ్యాటరీ లేని ఆ చిన్న యంత్రము కాలమును ఎట్లు కొలుచుచున్నదో తెలిసికొందము.

బెంగుళూరులో హిందూస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో 1961లో గడియారముల తయారీ ప్రారంభించినది. దాని 'జనతా' గడియారము మన పెద్దలు పలువురు ఎరిగినదే.

కీ ఇచ్చినపుడు లోపలి మెయిన్ స్ప్రింగు బిగియును. అది విడివడు బలముతో పండ్ల చక్రములు తిరుగును. అడ్డు లేకున్న ఆ బలమంతయు కొద్దిసేపటిలోనే వ్యయమగును. దానిని అదుపులో నుంచునది బాలెన్సు చక్రము. వెండ్రుక వంటి సన్నని స్ప్రింగు ఆ చక్రమును సమముగా ఇటునటు ఊపుచుండును. ఒక్కొక్క ఊపునకు ఒక చిన్న లివరు పండ్ల చక్రమును కొంచెము మాత్రమే కదలనిచ్చును. మనము వినెడి టిక్కు అదియే. ఇట్టి గడియారములలో సామాన్యముగా సెకండునకు 5 టిక్కులు, దినమునకు 4,32,000. ఒరపిడి తగ్గుటకై ఇరుసులను కృత్రిమపు కెంపులపై నిలుపుదురు. డయలు మీద '17 జ్యువెల్స్' అని యుండుట అందుకే.

వేడిమి ఎక్కువైన స్ప్రింగు బలము మారి గడియారము తప్పును. ఈ చిక్కును తీర్చుటకు తోడ్పడిన నికెలు ఉక్కు పరిశోధనలకు గాను గియోమ్ అను శాస్త్రజ్ఞునికి 1920లో నోబెల్ బహుమతి లభించినది.

ఇంత సూక్ష్మత ఎందులకు? పూర్వము నావికులు ఆకాశమును చూచి, గడియారముతో పోల్చి, నడిసముద్రములో తామున్న చోటును కనుగొనెడివారు. భూమి 24 గంటలకు ఒకసారి తిరుగును గదా! కావున మన ఎన్నూరు తీరమున గడియారము 1 నిముషము తప్పినచో, లెక్కలో ఓడ తూర్పునకో పడమరకో సుమారు 27 కిలోమీటర్లు తప్పును. ఇంగ్లండులో జాన్ హారిసన్ చేసిన గడియారమును 1761లో ఓడపై జమైకాకు పంపిరి. అది దినమునకు ఎంత వెనుకబడునో ముందే ఎరిగి, లెక్కలో సవరింపగా, 81 దినములలో సుమారు 5 సెకండ్లు మాత్రమే తప్పినది.

ఇందలి రహస్యమును గ్రహింపుడు. తప్పని గడియారము లేదు. ప్రతిదినము ఒకే విధముగా తప్పునదియే మంచి గడియారము. 1792లో నుంగంబాకమున వెలసిన మదరాసు వేధశాలలోను నక్షత్రముల గమనముతో పోల్చి గడియారముల తేడాను కనుగొనెడివారు. ఆనాటి రాతిస్తంభముపై తమిళముతో పాటు మన తెలుగులోను శాసనము చెక్కబడియున్నది. పిల్లలకు దానిని చూపుట మంచిది.

ఇంటిలో అట్టి గడియారమున్నచో విద్యార్థులు పెద్దల అనుమతితో 10 దినములు పరీక్షింపవచ్చును. ప్రతి ఉదయము ఒకే వేళకు కీ ఇచ్చి, ఫోనుతో పోల్చి, తేడాను సెకండ్లలో వ్రాయుడు. అయస్కాంతము దగ్గర ఉంచకుడు. దినదినము పెరుగు తేడా సమముగా నున్నచో గడియారము మంచిదే. కొద్దిపాటి సవరణ చాలును. ఒక్కొక్క దినము ఒక్కొక్క తీరుగా నున్నచో నూనె ఎండియుండవచ్చును, దుమ్ము చేరియుండవచ్చును, పనివానికి చూపవలెను. అటుపిమ్మట బడికి ఆలస్యమైనచో, నెపము గడియారముపై వేయుటకు వీలుండదు!