కారు డిస్క్ ప్లేటుకు జంగు పట్టిందా? రంగు డబ్బా తీసే ముందు ఇది చదవండి

పోయిన వానాకాలం మా మామూ దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చాడు. వర్ధన్నపేటలో ఇంటి ముందు వేపచెట్టు కింద ఆయన కారు రెండేళ్లుగా కవరు కప్పుకొని ఉంది. ఆయన దిగే లోపు బండి తయారుగా ఉండాలని నేనే ఒక మెకానిక్‌కు అప్పజెప్పాను. సాయంత్రానికి కారు ఇంటికొచ్చింది. కొత్త బ్యాటరీ, టైర్లలో గాలి, బాడీ తళతళ. అల్లాయ్ వీల్ సందుల్లోంచి చూస్తే బ్రేక్ డిస్కులు కూడా వెండి పళ్లేల్లా మెరుస్తున్నాయి.

"మొత్తం జంగు పట్టి ఉండె భాయ్. గీకి సిల్వర్ పెయింట్ ఏసిన. షోరూం బండి లెక్క లేదా?" అన్నాడు. నేనూ మురిసిపోయి డబ్బులిచ్చాను.

తెల్లారి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు బయలుదేరాం. ఇంకా ఊరు దాటలేదు. వరంగల్-ఖమ్మం రోడ్డు ఎక్కే దగ్గర లారీ అడ్డం వచ్చింది, బ్రేక్ తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది. కారు మాత్రం ఆగాల్సిన చోట ఆగకుండా జారుకుంటూ పోయింది. రోడ్డు పక్క మట్టిలోకి దింపాను కాబట్టి సరిపోయింది. దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర కాలిన రంగు వాసన. వెనక సీట్లో మా అమ్మీ, చెల్లెలు ఉన్నారు. ఆ రోజు ఎయిర్‌పోర్టుకు వేరే బండి మాట్లాడుకొని పోయాం.

నేను బీకాం చదివినవాణ్ని, బండి పనితనం నాకు రాదు. కానీ ఆ తర్వాత నెల రోజులు ఇదే పనిగా వరంగల్ ఆటోనగర్‌లో పాత మిస్త్రీల దగ్గర కూర్చొని అడిగాను, దొరికింది చదివాను. జుమా నమాజు తర్వాత మసీదు బయట నిలబెట్టిన కార్ల చక్రాల్లోకి తొంగి చూడటం అలవాటైపోయింది. రంగు పూసిన డిస్కులు నేననుకున్నదానికంటే ఎక్కువే కనిపించాయి. అందుకే ఇది రాస్తున్నా.

ముందు అసలు సంగతి. కారు డిస్క్ ప్లేటు దాదాపు ఎప్పుడూ పోత ఇనుముతోనే చేస్తారు. అందులో మూడు శాతం పైన కార్బన్ ఉంటుంది, అది సన్నటి గ్రాఫైట్ రేకుల్లా ఇనుము మధ్య పరుచుకొని ఉంటుంది. దాని వల్ల వేడి తొందరగా బయటకు పోతుంది, బ్రేక్ కీచుమనడం తగ్గుతుంది, ధరా తక్కువ. ఇన్ని మంచి గుణాలున్నా నీళ్లు తగిలితే మాత్రం జంగు పడుతుంది. మరి బైక్ డిస్కుకు ఎందుకు పట్టదని చాలామంది అడుగుతారు. బైక్‌లో పెట్టేది సాధారణంగా స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటు. బైక్ బరువు తక్కువ, ఆపేటప్పుడు పుట్టే వేడీ తక్కువ, కాబట్టి అక్కడ సన్నటి స్టీలు ప్లేటు సరిపోతుంది. కారు బరువుకు ఆ లెక్క కుదరదు.

డిస్కులో రెండు రకాల జాగాలున్నాయి. ప్యాడ్లు పట్టుకునే నున్నటి ముఖం ఒకటి. మిగిలినదంతా రెండోది: మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం, చుట్టూ అంచు, రెండు పలకల మధ్య గాలి పోయే సందులు. రంగు ఈ రెండో జాగాకు మాత్రమే. మొదటి జాగాకు ఏ రంగూ, ఏ నూనే, ఏ పాలిషూ తగలకూడదు.

ఎందుకంటే బ్రేక్ అంటేనే రాపిడి. ప్యాడ్ మసాలా నేరుగా ఇనుమును పట్టుకుంటేనే బండి ఆగుతుంది. మధ్యలో రంగు పొర ఉంటే ప్యాడ్ పట్టేది ఆ రంగును. వేడికి రంగు మెత్తబడుతుంది, కాలుతుంది, ప్యాడ్‌కు అంటుకుంటుంది. ప్యాడ్‌లో సన్నటి రంధ్రాలుంటాయి, రంగో నూనో అందులోకి దిగితే తుడిచినా పూర్తిగా పోదు. అప్పుడు ప్యాడ్లు మార్చాల్సిందే. మామూ కారుకు జరిగింది అదే.

"కంపెనీ నుంచి వచ్చే కొత్త డిస్కులకు ముఖం మీద కూడా బూడిద రంగు పూత ఉంటది కదా" అని ఒక దోస్తు వాదించాడు. నిజమే, కొన్నింటికి ఉంటుంది. అది జింక్, అల్యూమినియం పొడితో ఫ్యాక్టరీలో వేసే పూత, మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. డబ్బాలో ఉన్నప్పుడు, షోరూంలో నిలబడి ఉన్నప్పుడు జంగు పట్టకుండా ఉండటానికి అది. ముఖం మీది పూత మొదట్లో మెల్లగా వేసే బ్రేకులకే ప్యాడ్ కింద రాలిపోయేలా తయారుచేస్తారు, టోపీ మీదిది మిగులుతుంది. మన దగ్గర బ్రష్‌తో దట్టంగా పూసే ఎనామిల్‌కూ దానికీ పోలికే లేదు.

అసలు ముఖం మీద జంగు కనిపించగానే భయపడే పని లేదు. రాత్రంతా వాన పడి, లేదా వాటర్ సర్వీసింగ్ చేయించి బండి నిలబెడితే తెల్లారేసరికి ఎర్రగా కనిపిస్తుంది. అది పై పైన పట్టింది. మెల్లగా నడుపుతూ నాలుగైదు సార్లు బ్రేక్ వేస్తే ప్యాడ్లే తుడిచేస్తాయి. కొంచెం గరగర వినిపిస్తుంది, పోతుంది. నెలల తరబడి నిలబడిన బండి సంగతి వేరు. జంగు లోపలికి తిని గుంటలు చేస్తుంది, ప్యాడ్ ఉన్న చోట దాని ముద్ర పడుతుంది, ఒక్కోసారి ప్యాడ్ డిస్కుకు అతుక్కుపోతుంది. అలాంటప్పుడు లేత్ మీద ఫేసింగ్ కొట్టించొచ్చు, కానీ దానికో హద్దుంది. ఎంత వరకు అరగొచ్చో డిస్కు మీదే 'మిన్ టీహెచ్' అని పోసి ఉంటుంది, పక్కన మిల్లీమీటర్లలో అంకె. ఫేసింగ్ తర్వాత మందం అంతకంటే తగ్గేట్టుంటే ఆ ప్లేటు తుక్కుకే. కొలవకుండా "ఇంకా నడుస్తది" అనే మిస్త్రీని నమ్మకండి.

ఇక రంగు వేయాలనే ఉంటే ఇలా వేయించండి. చక్రం విప్పే ముందు బండి కింద జాకీతో పాటు స్టాండ్ పెట్టాలి, ఇటుకలూ రాళ్లూ కాదు. కాలిపర్ విప్పి రబ్బరు పైపు మీద వేలాడేయకుండా తీగతో కట్టాలి. డిస్కు బయటకు తీసి వైర్ బ్రష్‌తో జంగు రాల్చి, బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు పోగొట్టాలి. ప్యాడ్లు తిరిగే ముఖాన్ని రెండు వైపులా టేపుతో మూసేయాలి. టోపీ లోపలి వైపు హబ్‌కు ఆనుకునే చోట, బయట చక్రం ఆనుకునే చోట కూడా టేపు వేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. అక్కడ రంగు ఎక్కువ తక్కువగా ఉంటే డిస్కు వంకరగా తిరిగి, బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. ఆ రంగు పొర నలిగితే చక్రం నట్లు కూడా వదులవుతాయి. పెయింట్ డబ్బా మీద 600 డిగ్రీల వరకు తట్టుకుంటుందని రాసి ఉన్న హై టెంపరేచర్ రకం తీసుకోండి. పలచగా రెండు మూడు కోట్లు చాలు, గాలి సందులు పూడిపోకూడదు.

అన్నీ బిగించాక బండి కదిపే ముందు బ్రేక్ పెడల్‌ను పది సార్లు తొక్కాలి. ప్యాడ్లు విప్పినప్పుడు పిస్టన్లను వెనక్కి నెడతారు కాబట్టి మొదటి తొక్కుడుకు పెడల్ నేల దాకా పోతుంది. ఇది మర్చిపోయి గేటును గుద్దినవాళ్లు ఉన్నారు.

ఈ రంగుల గోల మొదట మనది కాదు. అమెరికాలో డెట్రాయిట్, చికాగో వైపు ఉండే మనోళ్లను అడగండి, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లకు డిస్కులు అంచుల నుంచి పొరలుగా ఊడతాయి. అందుకే జనరల్ మోటార్స్ డిస్కులను 560 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి పైపొరలోకి నైట్రోజన్, కార్బన్ ఎక్కించే పద్ధతి తెచ్చింది. ఇది పూసే రంగు కాదు, ఇనుము పైపొరే గట్టిపడుతుంది. జర్మనీలో బాష్ కంపెనీ డిస్కు ముఖానికి టంగ్‌స్టన్ కార్బైడ్ పూత వేసింది. అది ప్యాడ్ కంటే గట్టిది కాబట్టి ముఖం మీదే నిలుస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. యూరప్‌లో 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు బ్రేకుల నుంచి రాలే దుమ్ముకు కూడా హద్దు పెట్టాయి, మామూలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు. దాంతో గట్టి పూతలకు గిరాకీ పెరిగింది. కరెంటు కార్లు ఇంకో కథ. వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకులు ఊరికే ఉండి జంగు పడతాయి. ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3, ఐడీ.4 కార్లలో వెనక మళ్లీ పాత డ్రమ్ బ్రేకులే పెట్టింది.

మన దగ్గర ఉప్పు రోడ్లు లేవు. మన బాధలు బురద, వాన, నిలబడి ఉండటం. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో ఆకేరు, మున్నేరు పొంగినట్టు వరద వచ్చి బండి నీళ్లలో నిలిస్తే, కంటికి కనిపించే డిస్కు జంగు కంటే కనిపించనిదే ప్రమాదం. కాలిపర్ జారే పిన్నులు పట్టేస్తాయి, చక్రం బేరింగులో నీళ్లు చేరతాయి, వెనక డ్రమ్ములో మట్టి గడ్డ కడుతుంది. అవి విప్పి చూడకుండా రంగు పూస్తే జబ్బును దాచినట్టే. వాటర్ సర్వీసింగ్‌లో బండి కిందంతా డీజిల్ కొట్టడం కూడా మన దగ్గర ఉంది. "చక్రాల దగ్గర వద్దు" అని నిలబడి చెప్పండి.

గల్ఫ్‌కు పోయేవాళ్లు, హజ్‌కు పోయేవాళ్లు బండిని చదునైన చోట గేరులో పెట్టి, చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి పోవాలి. కడిగిన వెంటనే కవరు కప్పొద్దు, తడి లోపలే ఉండిపోతుంది. ఇంట్లో నడిపేవాళ్లుంటే వారానికోసారి నాలుగైదు కిలోమీటర్లు తిప్పి, పది సార్లు బ్రేక్ వేస్తే ఏ పూతా అక్కర్లేదు. నా లెక్కలో ఇదే అన్నిటికంటే చౌక.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు డిస్కు ముఖం వెండిలా మెరిస్తే గోరుతో గీకి చూడండి. బండి చల్లగా ఉన్నప్పుడే సుమా. నడిచే బండికి అక్కడ సన్నటి గుండ్రటి గీతలు కనిపించాలి, రంగు కాదు.

మార్చాల్సి వస్తే ముందు రెండూ జతగా మార్చాలి, ప్యాడ్లు కూడా. బిల్లు అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే, అంతకు ముందు చాలా వాటికి 28 ఉండేది. పన్ను లేకుండా 2,000 రూపాయలు పడే సామాను ఇదివరకు 2,560 అయితే ఇప్పుడు 2,360. పాత రేటే చెబితే బిల్లు మీద పన్ను ఎంత వేశారో చూడండి.

మామూ కారు డిస్కులు కొలిస్తే 19 మిల్లీమీటర్లు వచ్చింది, హద్దు 18. ఫేసింగ్ కొడితే సరిగ్గా హద్దు మీదికి వస్తుందని ఆటోనగర్ మిస్త్రీ అన్నాడు. మామూ ఒక్క నిమిషం ఆలోచించి కొత్త జత వేయమన్నాడు. పాత ప్లేట్లు ఇప్పుడు మా ఇంట్లో నీళ్ల డ్రమ్ము కింద ఉన్నాయి, సిల్వర్ రంగుతోనే.