పలకను పట్టి ఉంచేది జిగురే

నిజామాబాద్‌లో మా వంటింటి సింకు కింది కప్‌బోర్డు రెండో వానాకాలానికే తలుపు పట్టకుండా పోయింది. అడుగు పలక ఒక మూల నుంచి ఉబ్బుకొచ్చింది. వేలితో నొక్కితే పాలలో నానిన రస్కులాగా విడిపోతోంది. పైనున్న సన్‌మైకా మాత్రం కొత్తదానిలాగే మెరుస్తోంది. బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి ఆ పలకను ఊడదీసి, విరిగిన అంచును నా కళ్లముందుకు తెచ్చి, "మొఖం చూసి కొన్నరు సార్, అంచు చూడాలె" అన్నాడు.

అతన్ని అడిగి రెండు ముక్కలు ఉంచుకున్నాను. ఒకటి ఆ పాత పార్టికల్ బోర్డుదే, తడి తగలని మూల నుంచి కోసింది. రెండోది అతను కొత్తగా వేయబోతున్న ప్లైవుడ్‌ది. రెండూ 18 మిల్లీమీటర్ల మందం. రాత్రి రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి చెరొక దాంట్లో నిలబెట్టాను. పొద్దున స్కేలు పెట్టి చూస్తే ప్లైవుడ్‌లో కంటికి ఆనేంత తేడా లేదు. పార్టికల్ బోర్డు మాత్రం మునిగినంత మేర 23 మిల్లీమీటర్లకు పెరిగింది. గ్లాసు అడుగున గోధుమరంగు పొట్టు పేరుకుంది.

రెండూ చెట్టు నుంచి వచ్చినవే. నీళ్ల ముందు ఒకటి నిలబడి ఇంకొకటి కూలబడటానికి ఒక ముఖ్య కారణం లోపలి జిగురు. ఇంటికైనా దుకాణానికైనా ఫర్నిచర్ చేయించుకునేవాళ్లు రంగు అడుగుతారు, డిజైన్ అడుగుతారు, చదరపు అడుగు రేటు అడుగుతారు. ఏ జిగురుతో చేసిన పలక అని అడిగినవాళ్లు నాకింతవరకు తారసపడలేదు. నేనూ అడగలేదు, అందుకే సింకు కింద ఆ గతి పట్టింది.

పలక అంటే ఏమిటో తెలుసుకోవడానికి మనకు బోధన్ దగ్గరే ఒక పాఠం ఉంది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్లతో ఈ ప్రాంతంలో చెరకు విస్తరించింది. 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఒకప్పుడు చెప్పుకునేవారు. 2015 చివర్లో మూతబడి, చుట్టుపక్కల ఊళ్ల బతుకును తలకిందులు చేసింది. చక్కెర ఫ్యాక్టరీలో టన్ను చెరకు ఆడితే సుమారు 300 కిలోల పిప్పి మిగులుతుంది. అందులో సగం బరువు నీరే. ఆ పిప్పి బాయిలర్‌లో మండి, నీటిని ఆవిరి చేసి, మళ్లీ ఫ్యాక్టరీనే నడుపుతుంది. అలా కాలిపోతున్నది నిజానికి ఇంటి గోడలకు, అల్మారాలకు పనికొచ్చే ముడిసరుకు.

చెరకు రసం బండి దగ్గర పిప్పిని కొంచెం చేతిలోకి తీసుకుని విడదీసి చూడండి. తొక్క వైపు నుంచి వచ్చిన పొడుగాటి, గట్టి పీచు ఒకటి కనిపిస్తుంది. నడిమి నుంచి వచ్చిన మెత్తటి బెండు ఇంకొకటి, నలిపితే పిండిలా అవుతుంది. ఆ పీచులో ఉన్నవి టేకులో ఉన్నవే: సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. సెల్యులోజ్ దారాలు బలాన్నిస్తాయి. ఆ దారాలను లిగ్నిన్ పట్టి ఉంచుతుంది. చెట్టుకు పుట్టుకతో వచ్చిన జిగురు అదే. మనిషి కలపను ముక్కలు చేసినా, పీచుగా చీల్చినా ఆ సహజమైన కట్టు తెగిపోతుంది, దాని స్థానంలో మరో జిగురు పెట్టాల్సి వస్తుంది. పలుచటి పొరలుగా తీసి అతికిస్తే ప్లైవుడ్, చిన్న తునకలు చేసి అతికిస్తే పార్టికల్ బోర్డు, మెత్తటి పీచు చేసి అదిమితే ఎండీఎఫ్.

పిప్పితో పలకలు చేయడం కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో చెరకు పండే లూసియానా రాష్ట్రంలో, మరెరో అనే ఊళ్లో, 1920ల మొదట్లోనే సెలోటెక్స్ అనే కంపెనీ ఆ పని మొదలుపెట్టింది. పీచును నీళ్లలో కలిపి, మందపాటి కాగితంలా తీసి ఆరబెట్టేవారు. పీచుల మధ్య గాలి నిండిన సందులుంటాయి కాబట్టి ఆ పలక వేడినీ చప్పుడునూ అడ్డుకునేది. ఇళ్ల గోడల్లో, సభామందిరాల పైకప్పుల్లో వాడారు. మన దేశంలో మహారాష్ట్రలోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ పిప్పితో పార్టికల్ బోర్డు చేసే ఫ్యాక్టరీలు వచ్చాయి. తమిళనాడులో 1979లో పెట్టిన న్యూస్‌ప్రింట్ సంస్థ పిప్పితో పత్రికల కాగితం తీసింది.

పిప్పితో చిక్కులూ ఉన్నాయి. బెండు స్పాంజిలాగా నీటినీ జిగురునూ తాగేస్తుంది. దాన్ని వేరుచేయకపోతే పలకకు బలం రాదు. పిప్పిలో ఎంత పిండినా కొంత చక్కెర మిగిలే ఉంటుంది. నిల్వ చేస్తే పులుస్తుంది, బూజు పడుతుంది. ఆ బూజు పట్టిన పిప్పి దుమ్ము పీల్చిన కార్మికులకు బగాసోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. సరే, రసాయన జిగురు మానేసి సిమెంటుతో కలుపుదామా అంటే అక్కడా ఆ చక్కెరే అడ్డం. చక్కెర సిమెంటును గట్టిపడనివ్వదు. కాంక్రీటు లారీ దారిలో చెడిపోతే డ్రమ్ములో చక్కెర పోయడం ఆ పనివాళ్లకు తెలిసిన చిట్కానే. చిత్రమేమిటంటే అదే తీపి సున్నానికి మాత్రం మిత్రుడు. పాతకాలపు గచ్చులో బెల్లం నీళ్లు కలిపేది ఊరికే కాదు. చక్కెర ఉన్న నీళ్లలో సున్నం మరింత బాగా కరుగుతుంది.

ఇక జిగురు సంగతి. బజారులో దొరికే పలకల్లో ముఖ్యంగా రెండు రకాల జిగుర్లుంటాయి. ఒకటి యూరియా ఫార్మాల్డిహైడ్. పొలంలో చల్లే యూరియానే ఇందులో ఒక సరుకు. చవక, తొందరగా గట్టిపడుతుంది, రంగు కనిపించదు. రెండోది ఫినాల్ ఫార్మాల్డిహైడ్. ఖరీదెక్కువ, గట్టిపడటానికి ఎక్కువ వేడి కావాలి, ముదురు ఎరుపు గోధుమరంగులో ఉంటుంది. యూరియా జిగురులో అణువులను కలిపే బంధాలు నత్రజని మీదుగా సాగుతాయి. తడీ వేడీ కలిసి తగిలితే నీటి అణువులు ఆ బంధాలను ఒక్కొక్కటిగా విప్పేస్తాయి. ఫినాల్ జిగురులో కర్బనానికీ కర్బనానికీ మధ్య పడిన ముడులుంటాయి. వాటిని నీళ్లు విప్పలేవు. మా సింకు కింద జరిగింది మొదటి రకం జిగురు పట్టు వదిలి, పీచు తన దారి తాను చూసుకోవడం.

పలకలో ఏ జిగురుందో కొనేముందే కనిపెట్టవచ్చు. ప్లైవుడ్ మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 అంటే సాధారణ వాడకానికి, ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్. ఎంఆర్ అని ఉంటే గాలిలోని చెమ్మను తట్టుకుంటుందని మాత్రమే అర్థం, నీళ్లకు నిలుస్తుందని కాదు. మరిగే నీళ్లను తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకాన్ని పరీక్షలో 8 గంటలు మరిగిస్తారు. ఐఎస్ 710 పలకను 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచుతారు, అప్పటికీ పొరలు విడిపోకూడదు. ముద్ర మీద నమ్మకం కుదరకపోతే రంపంతో కోసిన అంచు చూడండి. పొరల మధ్య ముదురు గోధుమ గీతలు నిండుగా, తెగకుండా కనిపించాలి. గీతలు పాలిపోయి ఉన్నా, మధ్యలో ఖాళీలు కనిపించినా దాన్ని వంటింటికి, బాత్‌రూం పక్క గోడకు వాడొద్దు. పడకగదిలో పుస్తకాల అర వరకైతే ఎంఆర్ రకం చాలు. ఇల్లంతా మెరైన్ వేయించాలని ఒత్తిడి చేసేవారి మాట నేనైతే వినను.

జిగురు మాట ఇంతటితో అయిపోదు, దాని వాసన కూడా మన ఇంట్లోనే తిరుగుతుంది. కొత్త అల్మారా తెరవగానే కళ్లు మండించే ఆ ఘాటు ఫార్మాల్డిహైడ్ వాయువుది. దీన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. యూరియా జిగురు పలకలు దీన్ని నెలలు, సంవత్సరాల తరబడి కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటాయి. 2005లో కత్రినా తుఫాను లూసియానాను ముంచెత్తినప్పుడు నిరాశ్రయులకు ప్రభుత్వం ట్రైలర్ ఇళ్లు ఇచ్చింది. చవక పలకలతో చేసినవి. వాటిలో ఉన్నవాళ్లకు కళ్లమంటలు, దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. 519 ట్రైలర్లలో గాలిని పరీక్షిస్తే ఫార్మాల్డిహైడ్ సగటున వందకోట్ల పాళ్లలో 77 పాళ్లు తేలింది. మామూలు ఇళ్లలో ఉండేదానికి ఇది కొన్ని రెట్లు. పరీక్ష జరిగింది చలికాలంలో. ఎండలు ముదిరితే ఇంకా పెరుగుతుందని, వేసవిలోపే జనాన్ని అక్కడి నుంచి తరలించాలని వైద్యాధికారులు తొందరపెట్టారు. పిప్పి పలకలకు పేరు తెచ్చిన రాష్ట్రంలోనే పలక జిగురు ఇంత మందిని బాధపెట్టింది.

వాళ్లు భయపడిన వేసవి మనకు ఏటా వస్తుంది. మే నెలలో నిజామాబాద్‌లో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్లడం కొత్తేమీ కాదు. వేడి సుమారు పది డిగ్రీలు పెరిగితే పలక నుంచి వెలువడే వాయువు దాదాపు రెట్టింపు కావచ్చు. పైగా మన జిల్లాలో ఇంకో సంగతి ఉంది. ఇంటి పెద్ద దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. డిజైన్లు వాట్సాప్‌లో చూసి ఒప్పుకుంటాడు. పని పూర్తయ్యాక ఇల్లు తాళం వేసి ఉంటుంది. సెలవు మీద వచ్చి, నెలల తరబడి మూసి ఉన్న గదిలో చంటిపిల్లలతో ఏసీ వేసుకుని పడుకుంటాడు. ఎంతో కష్టపడి సంపాదించిన డబ్బుతో కట్టుకున్న ఇల్లు అది. గృహప్రవేశానికి కనీసం నెల ముందు చెక్కపని ముగించి, అల్మారాల తలుపులు, సొరుగులు అన్నీ తీసి, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వమని దగ్గరున్న బంధువుకు చెప్పాలి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఈ-1 లేక ఈ-0 అని ముద్ర ఉన్న పలకలు అడగాలి. ఆ అంకె వాయువు ఎంత తక్కువ వెలువడుతుందో చెబుతుంది. సున్నా అయితే మరీ మంచిది.

వడ్రంగి నేర్పిన ఇంకో సంగతి. పలకకు బయటివైపు సన్‌మైకా వేసి, లోపలివైపు పచ్చిగా వదిలేస్తే తలుపు కొన్ని నెలలకు విల్లులా వంగుతుంది. పచ్చి వైపు గాలిలోని చెమ్మను తాగి సాగుతుంది, మూసిన వైపు సాగదు. అందుకే రెండువైపులా ఒకే మందంలో వేయాలి. లోపలివైపు ఎవరు చూస్తారని డబ్బు మిగుల్చుకుంటే ఆ మిగిలింది తలుపు మార్చడానికే పోతుంది.

నిండు కలప కూడా కదులుతుంది. వానాకాలంలో దర్వాజ బిగుసుకోవడం, ఎండాకాలంలో సందు పడటం మనందరికీ తెలుసు. కలప పొడవునా దాదాపు మారదు, అడ్డంగానే ఉబ్బి తగ్గుతుంది. టేకు మిగతావాటి కంటే తక్కువ కదులుతుంది. దాని చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉండటంతో చెదలు దరిచేరవు. చేవ అన్నది గుర్తుంచుకోవాలి. అంచుల్లో ఉండే తెల్లటి కలపను చెదలు ఇష్టంగానే తింటాయి. టేకు అని చెప్పి సగం తెల్లకలప అంటగడితే అది చెదలకు పెట్టిన భోజనమే.

చెక్క తర్వాత పైకప్పు పలకల మాట. దుకాణాలకు, ఆసుపత్రులకు నేను మొదట చూడమనేది అదే. ఇప్పుడు ఎక్కడ చూసినా పీవీసీ పలకలు కనిపిస్తున్నాయి. నీళ్లకు చెడవు, చెదలు పట్టవు, తుడిస్తే శుభ్రం. కానీ అంటుకుంటే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును కక్కుతాయి, కళ్లూ గొంతూ మండి దారి కనిపించదు. జిప్సం పలక బరువులో ఐదో వంతు నీరే, స్ఫటికంలో ఇమిడిపోయి ఉంటుంది. మంటలు తగిలితే ముందు ఆ నీరు ఆవిరి కావాలి. అంతసేపు పైకప్పు నిలబడుతుంది, అంతసేపు జనం బయటికి నడవగలుగుతారు. మెట్లు ఒకే వైపు ఉన్న బట్టల షాపులో ఆ కొన్ని నిమిషాల విలువ ఎంతో చెప్పనక్కర్లేదు. జిప్సంకు పడనిది కారే స్లాబు. ముందు స్లాబు బాగు చేయించాలి.

వంటింటి గట్టు విషయం. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయి. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్‌రూం యాసిడ్ ఏది పడినా సున్నం కరిగి మచ్చ పడుతుంది. నేలకు అవి బంగారం, ఎండాకాలం పాదానికి చల్లగా ఉంటాయి. గట్టుకు మాత్రం గ్రానైటే మేలు. పసుపు పండే జిల్లాలో పసుపు మరక ప్రశ్న తప్పదు. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నూనె మరకతో పాటు కుర్చీ బట్టలోకి దిగిపోతుంది. సబ్బు పెట్టి రుద్దితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది ఇదే కారణంతో. కర్క్యుమిన్‌కు గిట్టనిది వెలుతురు. ఉతికిన కుర్చీ కవరును ఎండలో ఆరేస్తే మిగిలిన పచ్చదనం చాలావరకు పోతుంది. కాబట్టి హోటల్‌కైనా ఇంటికైనా ఊడదీసి ఉతికే కవర్లున్న కుర్చీలే కొనుక్కోవాలి.

సింకు కింద కొత్త కప్‌బోర్డు ఐఎస్ 710 పలకతో తయారైంది. నేలకు తగలకుండా నాలుగంగుళాల స్టీలు కాళ్ల మీద నిలబెట్టాడు. అంచులన్నీ పట్టీతో మూసేశాడు. పని అయిపోయిందనుకుని నేను డబ్బులు తీస్తుంటే అతను మళ్లీ లోపలికి దూరి పడుకుని, టార్చి వేయమన్నాడు. నీళ్ల పైపు కోసం వెనక పలకకు చేసిన రంధ్రం చుట్టూ పచ్చి కలప కనిపిస్తోంది. మా పాత పలకకు తడి ఎక్కింది సరిగ్గా అలాంటి చోట నుంచేనట. సిలికాన్ ట్యూబు నొక్కి, వేలితో ఆ రంధ్రం అంచు చుట్టూ రెండుసార్లు పూశాడు.